నీలం లేబుల్, పసుపు లేబుల్: స్టాక్స్ చరిత్ర తవ్విన నా అనుభవం

అమెరికాలోని మెంఫిస్‌కి కొత్తగా వచ్చిన తెలుగువాళ్ళకి చూడాల్సిన చోట్లు ఎవరో ఒకరు చెప్తూనే ఉంటారు. ఎల్విస్ ఇల్లు గ్రేస్‌ల్యాండ్, మార్టిన్ లూథర్ కింగ్‌ని కాల్చి చంపిన లొరేన్ మోటెల్, ఈడ్స్‌లో మన గుడి. ఫెడెక్స్ పుణ్యమా అని ఈ ఊళ్ళో మనవాళ్ళకి కొదవ లేదు, చెప్పేవాళ్ళకీ కొదవ లేదు. మెక్‌లెమోర్ అవెన్యూ సంగతి మాత్రం నాకెవరూ చెప్పలేదు. ఆ రోడ్డులో 926 నంబరు దగ్గర, మూతపడ్డ ఒక సినిమా హాల్లో, 1960 నుంచి 1975 దాకా స్టాక్స్ అనే రికార్డు కంపెనీ నడిచింది. పెద్ద కంపెనీల నీడ లేకుండా ఒక అక్కా తమ్ముడూ పెట్టుకున్న దుకాణం. అమెరికా నల్లవాళ్ళ పాటల్లో సోల్ సంగీతం అని ప్రపంచం దేన్నంటుందో, అందులో సగం ఆ హాల్లోంచే వచ్చిందంటే అతిశయోక్తి అనిపించదు నాకు.

నేను దాని జోలికి వెళ్ళడానికి కారణం మా పాటల సావాసం. ఘంటసాల, పి.బి. శ్రీనివాస్, రాజేశ్వరరావు అంటూ నెలకోసారి ఎవరో ఒకరింట్లో చేరే గుంపు మాది. ఒకసారి మాలో పెద్దాయన ఒకరు, "ఇన్నేళ్ళుగా ఈ ఊరి ఉప్పు తింటున్నాం, ఈ ఊరి పాట గురించి ఒక్కరైనా చెప్పండయ్యా" అన్నారు. నేను ఒప్పుకున్నాను. గంట మాట్లాడాలి, మధ్యలో పాటలు వినిపించాలి. వారం రోజుల్లో అయిపోయే పని అనుకున్నా. నెలలు పట్టింది.

పని మొదలైంది ఫోన్‌లో. ఓటిస్ రెడింగ్ పాట పెడితే కింద హక్కుల వరసలో అట్లాంటిక్, వార్నర్ వాళ్ళ పేర్లు. స్టేపుల్ సింగర్స్ పాట పెడితే కాంకర్డ్ అనే మరో కంపెనీ పేరు. ఇద్దరూ స్టాక్స్ గాయకులే. ఒకే కంపెనీ తెచ్చిన పాటలకి ఇద్దరు యజమానులెలా వచ్చారు? ఊళ్ళోని పెద్ద లైబ్రరీలో సీడీ పెట్టెలు తెచ్చుకుంటే చిక్కు ఇంకాస్త ముదిరింది. 1968 దాకా వచ్చిన సింగిల్స్, అంటే పక్కకొక పాటతో వచ్చే చిన్న రికార్డులు, అన్నీ కలిపి 9 సీడీల పెట్టెగా 1991లో వేసింది అట్లాంటిక్. ఆ తర్వాతి ఏళ్ళ సింగిల్స్‌ని రెండు పెట్టెలుగా వేసింది ఫాంటసీ అనే కాలిఫోర్నియా కంపెనీ. 1968 దగ్గర ఏదో గోడ ఉంది. గంట ప్రసంగం సంగతి పక్కనపెట్టి ఆ గోడేమిటో చూద్దామనిపించింది.

మన ఇళ్ళల్లో రికార్డు కంపెనీ అంటే గొట్టం ముందు కూర్చున్న కుక్క బొమ్మ ఒక్కటే. ఆ కంపెనీ తర్వాత సరిగమ అయింది, పాత తెలుగు సినిమా పాటలు ఎన్నింటికో ఇప్పటికీ హక్కుదారు అదే. పాట ఎవరు పాడారు, ఎవరు రాశారు, ఏ సినిమాలోది అని కొట్టుకుంటాం గానీ ఆ రికార్డింగు ఎవరి సొత్తు అని మనం ఎప్పుడూ అడగం. నేనూ అడిగిన పాపాన పోలేదు.

నా పద్ధతి మొరటుది. పుస్తకాలు తర్వాత, ముందు నంబర్లు అనుకున్నా. ప్రతి సింగిల్‌కీ ఒక కేటలాగు నంబరు ఉంటుంది. ఎక్సెల్‌లో నంబరు, నెల, పాడినవాళ్ళు, రాసినవాళ్ళు, ప్రచురణ హక్కు (అంటే పాట మాటల మీదా బాణీ మీదా హక్కు) ఎవరిది, పంపిణీ ఎవరిది అని గడులు పెట్టి, ఆ వరసలోనే విన్నాను. మిడ్‌టౌన్‌లోని పాత రికార్డుల దుకాణాల్లో చౌకగా దొరికినవి కొన్ని కొన్నాను కూడా. 45 వేగంతో తిరిగే ఈ చిన్న రికార్డుల మధ్యలో బెజ్జం పెద్దది, మామూలు టర్న్‌టేబుల్ మీద పెట్టాలంటే నడుమ ప్లాస్టిక్ చక్రం ఒకటి ఇరికించాలి. పాతికేళ్ళు సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవాణ్ణి, ఆ చక్రం కోసం దుకాణంలో కుర్రాణ్ణి అడగడానికి మొహమాటపడ్డాను.

లేబుల్ కాగితం మీద ఉన్నదంతా చదవడం అలవాటయ్యాక ఆశ్చర్యంగా చాలా సంగతులు బయటపడ్డాయి. మొదట్లో కంపెనీ పేరు స్టాక్స్ కాదు, శాటిలైట్. 1957లో పెట్టింది జిమ్ స్టూవర్ట్. పగలు బ్యాంకులో ఉద్యోగం, సాయంత్రాలు ఫిడేలు. అతను వాయించేది తెల్లవాళ్ళ కంట్రీ సంగీతం, కంపెనీ తొలి రికార్డులూ ఆ బాపతే, ఎవరూ కొనలేదు. యాంపెక్స్ రికార్డింగ్ మిషన్ కొనడానికి డబ్బు లేకపోతే అక్క ఎస్టెల్ ఆక్స్‌టన్ తన ఇల్లు తాకట్టు పెట్టి 2,500 డాలర్లు తెచ్చింది. మన సినిమా నిర్మాతల కథల్లో ఇల్లు తాకట్టు పెట్టే ఘట్టం లేకుండా ఉండదు కదా, అది చదివాక నాకు వీళ్ళు మనవాళ్ళే అనిపించారు.

కొన్నాళ్ళు ఊరి బయట బ్రన్స్‌విక్‌లో తంటాలు పడి 1960లో మెక్‌లెమోర్ మీది క్యాపిటల్ థియేటర్‌ని అద్దెకి తీసుకున్నారు. కుర్చీలు పీకేశారు. తెర ఉండే వేదిక మీద కంట్రోల్ రూమ్ కట్టుకున్నారు. నేల వాలుగా ఉంటే సరిచేయడానికి డబ్బు లేక అలాగే వదిలేశారు. ఆ వాలు వల్లే గదిలో శబ్దానికి ఆ ప్రత్యేకమైన గుణం వచ్చిందని తర్వాత అందరూ చెప్పుకున్నారు. ఇంటర్వెల్‌లో తినుబండారాలు అమ్మే చోట ఎస్టెల్ రికార్డుల దుకాణం తెరిచింది. నన్నడిగితే కంపెనీ తెలివంతా ఆ దుకాణంలోనే ఉంది. ఆ పేట అప్పటికే నల్లవాళ్ళ పేటగా మారుతోంది. పిల్లలు వచ్చి ఏం వింటున్నారు, దేనికి కాళ్ళు ఆడిస్తున్నారు, ఏది కొని ఏది వదిలేస్తున్నారు అన్నీ ఆవిడ కళ్ళెదురుగానే. వెనక గదిలో తయారైన పాటని ముందు గదిలో వినిపించి నాడి పట్టేది. తర్వాత కంపెనీ పాటలకి గిటార్ వాయించిన స్టీవ్ క్రాపర్ ఆ దుకాణంలో గుమస్తాగా పనిచేసినవాడే. డేవిడ్ పోర్టర్ ఎదురుగా ఉన్న కిరాణా కొట్టులో పనిచేసేవాడు, తర్వాత ఐజక్ హేస్‌తో కలిసి ఆ కంపెనీకి పెద్ద పాటల రచయిత అయ్యాడు. బుకర్ టి. జోన్స్ అదే పేట కుర్రాడు, ఇంకా స్కూల్లో ఉండగానే వాయించడానికి వచ్చాడు.

1960లో రూఫస్ థామస్, ఆయన కూతురు కార్లా పాడిన యుగళగీతం ఊళ్ళో బాగా ఆడింది. అది చూసి న్యూయార్క్ నుంచి అట్లాంటిక్ కంపెనీ జెర్రీ వెక్స్‌లర్ ఫోన్ చేశాడు. మీ రికార్డులు దేశమంతా మేం పంచుతాం అన్నాడు. కాగితం ఏమీ లేదు, మాట మీద పని. 1961లో మార్-కీస్ అనే జట్టు వాయించిన 'లాస్ట్ నైట్' దేశంలో మూడో స్థానానికి వెళ్ళింది. అందులో ఒక సాక్సోఫోన్ ఎస్టెల్ కొడుకుది. అది విడుదల చేయమని తమ్ముడి వెంటపడింది కూడా ఆవిడే. ఆ పాట పైకొచ్చేసరికి కాలిఫోర్నియాలో శాటిలైట్ పేరుతో ఇంకో కంపెనీ ఉందని తేలింది. స్టూవర్ట్‌లో రెండక్షరాలు, ఆక్స్‌టన్‌లో రెండక్షరాలు కలిపి స్టాక్స్ అన్నారు. తోడుగా వోల్ట్ అనే అనుబంధ లేబుల్ పెట్టారు.

ఇక్కణ్ణుంచి నా జాబితాలో 'వాయించినవాళ్ళు' అనే గడి ఒకటి పెంచాల్సి వచ్చింది. పేరు ఎవరిదైనా వెనక ఉన్నది దాదాపు ఒకే జట్టు. ఆర్గన్ మీద బుకర్ టి., గిటార్ మీద క్రాపర్, డ్రమ్స్ మీద అల్ జాక్సన్, బేస్ మీద మొదట లూయీ స్టైన్‌బర్గ్, తర్వాత డక్ డన్. డన్ వచ్చాక ఇద్దరు నల్లవాళ్ళు, ఇద్దరు తెల్లవాళ్ళు. నల్లవాళ్ళూ తెల్లవాళ్ళూ ఒక హోటల్లో పక్కపక్కన కూర్చుని తినే వీలు లేని మెంఫిస్‌లో ఇది. కలిసి కూర్చోవడానికి వాళ్ళు వెళ్ళే చోటు నల్లవాళ్ళు నడిపే లొరేన్ మోటెల్. క్రాపర్, గాయకుడు ఎడ్డీ ఫ్లాయిడ్ కలిసి ఒక పెద్ద హిట్ రాసింది ఆ మోటెల్ గదిలోనే. 1968 ఏప్రిల్ 4న కింగ్‌ని చంపింది అదే మోటెల్ బాల్కనీలో. మ్యూజియమ్‌గా మారిన ఆ మోటెల్‌కి బంధువుల్ని ఎన్నోసార్లు తీసుకెళ్ళాను. ఈ సంగతి తెలిశాక వెళ్ళినప్పుడు ఆ గదుల వైపు చూసిన చూపు వేరు.

ఆ రోజుల స్టాక్స్ రికార్డుల నీలం లేబుల్ మీద, పేర్చిన రికార్డుల బొమ్మ పక్కన, చిన్న అక్షరాల్లో పంపిణీదారు అట్లాంటిక్ అని ఉంటుంది. నేను దాన్ని లారీ సర్వీసు పేరు చూసినట్టే చూశాను. సరుకు వీళ్ళది, రవాణా వాళ్ళది అనుకున్నా. జిమ్ స్టూవర్ట్ కూడా అలాగే అనుకున్నాడని తర్వాత తెలిసింది.

1965లో మాట ఒప్పందాన్ని కాగితం మీద పెట్టారు. అడిగింది స్టూవర్టే. అతనికి నమ్మకం అట్లాంటిక్ మీద కాదు, వెక్స్‌లర్ మీద. రేపు వెక్స్‌లర్ తన వాటా అమ్ముకుని వెళ్ళిపోతే తానూ ఈ పంపిణీ నుంచి బయటపడే వీలుండాలని ఒక షరతు రాయించుకున్నాడు. ఆ షరతు ఉంది. దానితోపాటు ఇంకో షరతు కూడా ఉంది: అట్లాంటిక్ పంచిన ప్రతి స్టాక్స్ రికార్డింగు మాస్టర్, అంటే అసలు టేపు, మీద సర్వహక్కులూ అట్లాంటిక్‌వే. స్టూవర్ట్ పూర్తిగా చదవకుండా సంతకం పెట్టాడు. ఆ షరతు సంగతి తనకీ తెలియదని, లాయర్లు పెట్టారని వెక్స్‌లర్ తర్వాత చెప్పుకున్నాడు. నమ్మాలో లేదో మీ ఇష్టం. తన రక్షణకని తానే అడిగి రాయించుకున్న కాగితంలోనే తన ఇల్లు రాసిచ్చేశాడు ఆ బ్యాంకు ఉద్యోగి. బ్యాంకు ఉద్యోగి అనే మాట దగ్గరే నేను ఆగిపోతాను ప్రతిసారీ. అప్పు పత్రాల మధ్య బతికిన మనిషి కదా.

1967లో అట్లాంటిక్‌ని వార్నర్ బ్రదర్స్-సెవెన్ ఆర్ట్స్ కొనేసింది. ఆ డిసెంబరు 10న విస్కాన్సిన్‌లోని మనోనా చెరువులో విమానం కూలి ఓటిస్ రెడింగ్ పోయాడు, వయసు 26. అతని వెనక వాయించే బార్-కేస్ జట్టులో నలుగురు పోయారు. బతికి బయటపడింది బెన్ కాలీ ఒక్కడే. మూడు రోజుల ముందు దాకా రికార్డు చేసిన 'డాక్ ఆఫ్ ద బే' జనవరిలో విడుదలై మొదటి స్థానానికి వెళ్ళింది. వోల్ట్ 157. నా దగ్గరున్న కాపీ గీతలు పడి చిటపటలాడుతుంది, అయినా ఆ నంబరు దగ్గర కాసేపు ఆగాలనిపించింది. ఆ పాట మాస్టర్ కూడా స్టాక్స్‌ది కాకుండా పోయింది. కొత్త యజమానితో బేరం కుదరక విడిపోదామన్నప్పుడు లాయర్లు కాగితం తీసి చూపించారు. ఎనిమిదేళ్ళ పాటలు పోయాయి. సామ్ అండ్ డేవ్ అనే జంట కూడా నిజానికి అట్లాంటిక్ అప్పిచ్చిన గాయకులే, వాళ్ళనీ వెనక్కి తీసుకున్నారు.

నా గోడ అదీ. 1968 మే.

సరిగ్గా ఇక్కడ ఉండగా ఊరి నుంచి ఫోన్. మా పిన్ని కొడుకు, నల్గొండ దగ్గర ఉంటాడు, జానపదాలు పాడతాడు. నాట్లప్పుడు పాడుకునే వరసొకటి తీసుకుని తన మాటలు పెట్టి కట్టిన పాట యూట్యూబ్ ఛానల్ వాళ్ళకి నచ్చిందట.

"అన్నా, పాతిక వేలిస్తరంట. బాండు పేపర్ మీద సంతకం పెట్టుమంటున్నరు. పెట్టాల్నా, ఒద్దా?"

"ముందు ఆ పేపర్ ఫోటో తీసి పంపురా."

"గదంతా ఇంగ్లీషుల ఉన్నదన్నా. పైసల్ మాత్రం రేపే ఇస్తమన్నరు."

ఫోటో వచ్చింది. ఆడియో, వీడియో మాస్టర్ల మీద సర్వహక్కులు, ప్రపంచమంతటా, శాశ్వతంగా, ఇప్పుడున్నవీ ఇకముందు రాబోయేవీ అన్ని మాధ్యమాల్లో. 1965 నాటి మాటే, కొంచెం పొడుగ్గా. నేను లాయర్ని కాదు, అందుకని నల్గొండ కోర్టులో వకీలుగా ఉన్న మిత్రుడికి పంపాను. ఆయన చెప్పింది నాకు కొత్త. 2012 సవరణ తర్వాత మన కాపీరైట్ చట్టం ప్రకారం, పాట రాసినవాడూ బాణీ కట్టినవాడూ తమ రాయల్టీ వాటాని మామూలుగా ఇంకొకరికి రాసివ్వలేరు, ఒప్పందంలో రాసినా చెల్లదు. వారసులకో కాపీరైట్ సొసైటీకో మాత్రమే ఇవ్వొచ్చు. హక్కులు ఎన్నేళ్ళకో రాయకపోతే 5 ఏళ్ళకే అని, ఎక్కడిదాకానో రాయకపోతే ఇండియా వరకే అని చట్టమే అనుకుంటుంది. అందుకే ఆ కాగితంలో 'శాశ్వతంగా', 'ప్రపంచమంతటా' అని అంత శ్రద్ధగా రాశారు. మాస్టర్ రికార్డింగు సంగతి వేరు, అది పెట్టుబడి పెట్టినవాడిదే అంటారు సాధారణంగా, దాన్ని బేరమాడి తెచ్చుకోవాల్సిందే.

పాట వేరు, దాని రికార్డింగు వేరు అన్న తేడా నాకు అప్పటికి స్టాక్స్ లేబుళ్ళే నేర్పాయి. వాటిమీద రాసినవాళ్ళ పేర్ల దగ్గర ఈస్ట్ అనే ప్రచురణ కంపెనీ పేరుంటుంది. అది స్టాక్స్ సొంతది. మాస్టర్లు పోయినా పాటల ప్రచురణ హక్కు స్టాక్స్ చేతిలోనే మిగిలింది, దానిమీద వచ్చే డబ్బు మళ్ళీ లేచి నిలబడటానికి అక్కరకొచ్చింది. ఇదంతా తమ్ముడికి చెప్పాను. వాడు విన్నాడు. విని, "చెల్లె ఫీజు కట్టాలన్నా" అని మర్నాడు సంతకం పెట్టేశాడు. ఏమంటాం?

పసుపు లేబుల్ కథ వేగంగా నడుస్తుంది. అట్లాంటిక్ నుంచి విడిపోయాక కేటలాగు నంబర్లు మళ్ళీ మొదట్నుంచి మొదలుపెట్టారు, 0001. నీలం పోయి పసుపు వచ్చింది, రికార్డుల బొత్తి పోయి చిటికె వేసే చెయ్యి వచ్చింది. కంపెనీ గల్ఫ్ అండ్ వెస్టర్న్ అనే పెద్ద వ్యాపార సంస్థ చేతికి వెళ్ళింది. 1965లో ప్రచారానికని చేరిన రేడియో జాకీ అల్ బెల్ ఇప్పుడు పగ్గాలు పట్టాడు. చేతిలో పాత పాట ఒక్కటీ లేదు కాబట్టి కొత్తది కొండలా తయారుచేయాలన్నాడు, 1969లో ఒక్క వేసవిలో 27 ఆల్బములు తెచ్చాడు. వాటిలో ఐజక్ హేస్ ఆల్బమ్ ఒకటి, మొత్తం కలిపి నాలుగే పాటలు. రేడియోకి పనికిరాదన్నారు, అదే అందరికంటే ఎక్కువ ఆడింది. ఎస్టెల్‌కీ అల్ బెల్‌కీ పడక ఆవిడ ఆ ఏడే వాటా అమ్ముకుని వెళ్ళిపోయింది. నాకు ఆ తర్వాతి స్టాక్స్ అంటే గౌరవమే గానీ, ముందు గదిలో దుకాణం ఉన్న స్టాక్స్ మీద ఉన్న ప్రేమ దానిమీద లేదు. 1972లో హేస్‌కి ఆస్కార్ వచ్చింది. అదే ఏడు ఆగస్టు 20న లాస్ ఏంజెలెస్ కొలీజియంలో డాలరు టికెట్టుతో వాట్‌స్టాక్స్ అనే కచేరీ పెడితే లక్షమంది వచ్చారు. ఆ తర్వాత సీబీఎస్ అనే పెద్ద రికార్డు కంపెనీతో పంపిణీ ఒప్పందం, అక్కడ వీళ్ళని తెచ్చుకున్న క్లైవ్ డేవిస్ ఉద్యోగం పోవడం, రికార్డులు దుకాణాలకి చేరకపోవడం, బ్యాంకు అప్పులు. మళ్ళీ ఒక మనిషిని నమ్మి ఒక కంపెనీతో ఒప్పందం. 1975 డిసెంబరులో తాళం పడింది. బ్యాంకు మోసం కేసులో అల్ బెల్ నిర్దోషిగా బయటపడ్డాడు. సొంత ఆస్తి కూడా అందులో పోసిన స్టూవర్ట్ దాదాపు అంతా పోగొట్టుకున్నాడు. ప్రచురణ హక్కులు బ్యాంకు పట్టుకుంది, పసుపు లేబుల్ మాస్టర్లు 1977లో ఫాంటసీ కొంది, 2004లో ఫాంటసీని కాంకర్డ్ కొంది. నా ఫోన్‌లో రెండు పేర్లు అలా వచ్చాయి.

హాలుని 1989లో కూల్చేశారు. ఇప్పుడు అక్కడున్నది 2003లో పాత నమూనాలోనే కట్టిన మ్యూజియం. కొత్త కట్టడం అని తెలిసీ స్టూడియో గదిలో వాలు నేల మీద నడిస్తే మడమలకి ఆ సంగతి తెలియదు. మా ఆవిడకి మాత్రం హేస్ బంగారు పూత కాడిలాక్ తప్ప ఇంకేమీ ఆనలేదు. పక్కనే సంగీతం నేర్పే బడి ఉంది, ఆ పేట పిల్లలే నేర్చుకుంటారు. స్టూవర్ట్ దశాబ్దాలు జనంలోకి రాలేదు, 2022లో 92 ఏళ్ళకి పోయాడు.

మా గుంపులో చెప్పిన రోజు గంట కాస్తా రెండు గంటలైంది. పాటలకి తలలూపినవాళ్ళు 1965 కాగితం దగ్గరకి రాగానే పక్కవాళ్ళతో మాట్లాడటం మొదలెట్టారు. ముందు వరసలో ఉన్న పెద్దాయన మాత్రం, "అయితే మా నాన్నగారు రేడియోలో పాడిన టేపులు ఎవరివయ్యా?" అని అడిగారు. అది ఇంకో రోజు కథ.

తమ్ముడి మొదటి పాటకి లక్షల్లో వీక్షణలు వచ్చాయి, పైసా అదనంగా రాలేదు. రెండో పాటకి అదే ఛానల్‌తో బేరమాడి 5 ఏళ్ళకే ఇచ్చాడు, డబ్బు తగ్గించుకుని. మూడోది సొంత ఛానల్‌లో పెట్టుకున్నాడు, వీక్షణలు వేలు దాటలేదు. ఇప్పుడు ఊళ్ళో ఒగ్గు కథ చెప్పే ఇద్దరివి కూడా తనే రికార్డు చేస్తానంటున్నాడు, మైకు వాడిది, ఖర్చు వాడిది. వాళ్ళతో ఏ కాగితం రాసుకోవాలని నన్నడిగాడు. ఫోన్లో ఇద్దరం కూర్చుని రాస్తున్నాం. మాస్టర్ ఎవరిది అనే లైను దగ్గర మాత్రం వాడు కదలడం లేదు.

"ఖర్చు నాదే గదన్నా," అంటాడు.